పదకొండో డిస్కు

"ఈ డిస్కులో చేతులూపే మనిషి మీరేనా?"

తలెత్తి చూశాను. క్లినిక్కులో నా టేబుల్ ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, రెండో చేతిలో నేనిచ్చిన డీవీడీ. బయట వాన తగ్గింది గానీ ఆమె ముఖంలో మబ్బు ఇంకా విడిపోలేదు.

"నేనేనండీ," అన్నాను, కాస్త గర్వంగానే.

"అయితే మా నాన్న చేతికి మీరే జవాబు చెప్పాలి."

"ఏమైంది?"

"నిన్న పొద్దున మీరు టీవీలో చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయారు. మీరు దించాక దించుదామని ఆయనా అలాగే ఉండిపోయారు. మీరు దించలేదు."

"దించుతానండీ. పది లెక్కపెట్టి దించుతాను."

"మా ఇంట్లో దించలేదు. నాలుగు నిమిషాలు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసేసరికి ఆయన చెమటలు కక్కుతూ, 'ఈ డాక్టరు బాబు గట్టివాడే' అంటున్నారు. రోజంతా ఆ చెయ్యి కదపలేకపోయారు."

నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత వెతుకుతున్నట్టు టేబుల్ కిందికి వంగాను. పైకి లేచేసరికి ఆమె ఇంకా నన్నే చూస్తోంది. మూత నా చేతిలోనే ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. పట్టేసిన మెడలు, వంగని మోకాళ్లు, లేవని భుజాలు నా దగ్గరికి వస్తాయి. వారానికోసారి వచ్చి కసరత్తు నేర్చుకుంటారు, ఇల్లు చేరేలోపే సగం మరిచిపోతారు. అందుకని ఒక ఆలోచన చేశాను. కెమెరా ముందు నేనే నిలబడి కసరత్తులన్నీ చేసి చూపించి, ఆ వీడియోని డిస్కుల మీదకి ఎక్కించి నలభై మందికి పంచాను. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు చాలామందే గానీ టీవీ కింద డీవీడీ ప్లేయర్ లేనివాళ్లు తక్కువ. క్లినిక్కులో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు సరిగ్గా తొమ్మిది రోజులు నిలిచింది. పదో రోజు నుంచి డిస్కు ఆగిపోతోందంటూ ఫోన్లు మొదలయ్యాయి. అందరికీ నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఈమెకీ అదే చెప్పాను.

"ప్లేయర్ లెన్సు మీద దుమ్ము పట్టి ఉంటుందండీ. తుడిపించండి."

"తుడిచాను."

"పాత ప్లేయర్ అయ్యుంటుంది."

"పాతదే. అయినా అందులో సినిమాలన్నీ హాయిగా ఆడతాయి. మీరొక్కరే ఆగిపోతున్నారు."

"నా కంప్యూటర్లో బాగానే ఆడుతోందే."

"అయితే మీ కంప్యూటర్ని మా ఇంటికి పంపించండి. మీ దగ్గర ఆడితే మా నాన్న భుజం లేస్తుందా?"

ఆమె చేతిలోని డిస్కు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

ఆమె గొడుగు గోడకి ఆనించి, ఎదురు కుర్చీలో కూర్చుంది. గొంతు కొంచెం తగ్గింది. "ఆయనకి రెండు నెలల్లో డిపోలో మెడికల్ టెస్టు ఉంది. కుడిచెయ్యి పూర్తిగా లేవకపోతే బస్సు మీంచి దించేసి ఆఫీసులో కుర్చీ ఇస్తారట. ముప్పై ఒక్క ఏళ్లుగా బస్సు నడుపుతున్నారు. పైకి ఏమీ అనరు. కానీ రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, మళ్లీ బీరువాలో పెట్టేసుకుంటున్నారు."

ఆ డ్రైవరు గారు నాకు బాగా గుర్తే. భుజం కీలు బిగుసుకుపోయి మూడు నెలలుగా సెలవులో ఉన్నారు. నొప్పి ఎంత ఉన్నా, ఎలా ఉందని అడిగితే "సిగ్నల్ పడిందండీ, ఆగి ఉన్నాం, కదుల్తాం" అనేవారు. ఆయన భుజానికి రోజుకి మూడు పూటలా, కొలిచినట్టు, నిదానంగా కసరత్తు కావాలి. నేనిచ్చిన డిస్కు ఆ నిదానాన్నే చెడగొడుతోంది.

"ఆదివారం మీ ఇంటికొచ్చి చూస్తాను," అన్నాను.

"రండి. మీరు మా ఇంట్లో ఎలా ఉంటారో మీరే చూడాలి."

* * *

వాళ్లది రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు. ముందు గదిలో టీవీ, దాని కింద అరలో అంచులు కుట్టిన గుడ్డ కప్పుకుని డీవీడీ ప్లేయర్. డ్రైవరు గారు అప్పటికే బనీనుతో టీవీ ముందు నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, "టీవీలో కంటే బయటే కొంచెం సన్నగా ఉన్నావు బాబూ," అన్నారు.

డిస్కు వేశారు. నేను తెర మీదకొచ్చాను. తల నున్నగా దువ్వుకుని, తెల్ల టీషర్టు వేసుకుని, పూల కర్టెన్ ముందు నిలబడి నమస్కారం పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాను.

"ఒకటి... రెండు... మూ..."

అంతే. నోరు సున్నాలా తెరుచుకుని, ఒక కన్ను సగం మూసుకుని, చెయ్యి గాల్లో పెట్టి తెర మీద శిలలా నిలబడిపోయాను. టీవీ ముందు డ్రైవరు గారు కూడా చెయ్యి గాల్లో పెట్టి నిలబడ్డారు.

"ఇదండీ మీ ముఖం," అంది ఆమె. "రోజూ మూడు పూటలా చూస్తున్నాం."

బొమ్మ కదిలింది. ఒక్క ఊపులో చెయ్యి కిందికి పడిపోయింది, మళ్లీ పైకి ఎగిరింది. ఈలోపు నా గొంతు మాత్రం తన దారిన తను "తొమ్మిది... పది... నెమ్మదిగా దించండి" అంటోంది.

"బాబూ, నాకొక సందేహం," అన్నారు వాళ్లమ్మగారు. "మాట వినమంటావా, బొమ్మని చూడమంటావా? మాటేమో దించమంటుంది, బొమ్మేమో ఎత్తుతోంది. ఈయన రెండూ చెయ్యబోయి మొన్న మంచి చేత్తో లైటు పగలగొట్టారు."

డ్రైవరు గారు సిగ్గుపడి, "లైటు పాతదే లెండి," అన్నారు.

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రేపటికల్లా బాగుచేస్తాను," అని మాటిచ్చి మెట్లు దిగాను.

మర్నాడు క్లినిక్కు పని అవగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వేరే కంపెనీ డిస్కు తీసుకున్నాను. రాసే స్పీడు తగ్గించాను. బొమ్మ సైజు మార్చాను, సౌండు మార్చాను, క్వాలిటీ ఇంకా పెంచాను. నా మీద నాకే ముచ్చటేసింది. డిస్కు తీసుకెళ్లి ఆమెకిచ్చాను.

మంగళవారం సాయంత్రం ఐదున్నరకి ఆమె మళ్లీ వచ్చింది.

"ముందు కాస్త కదిలేవారు. ఇప్పుడు అదీ లేదు. ఏం మార్చారు?"

"అన్నీ మార్చాను."

"అన్నీనా?"

"ఐదు మార్చాను."

"మరి వాటిలో ఏది పాడుచేసిందో ఎలా తెలుస్తుంది? మీరు పేషెంటుకి ఒకేసారి ఐదు మందులు ఇస్తారా?"

"నేను మందులివ్వనండీ. కసరత్తులే."

"సరే, ఐదు కసరత్తులు ఇస్తారా?"

"...ఇస్తాను."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే ముఖం తిప్పేసుకుంది గానీ నేను చూశాను. ఆ కదిలినదాన్ని మళ్లీ ఒకసారి చూడాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ డిస్కుని ఎలాగైనా బాగుచేసి తీరాలన్న పట్టుదల నాకు ఆ క్షణంలోనే పుట్టింది.

ఊరికి నీళ్లు సరఫరా చేసేచోట ల్యాబులో పని చేస్తుందట ఆమె. "నీళ్లలో తేడా వస్తే మేం పైపూ, మందూ, వడపోతా ఒకేసారి మార్చేయం. ఒక్కటి మార్చి, చూసి, రాసుకుని, తర్వాత ఇంకోటి. మీరు రోజుకో డిస్కు చెయ్యండి. ఒక్కటే మార్చండి. నేను పట్టుకెళ్లి వేసి చూసి, ఎక్కడెక్కడ ఆగిందో రాసుకొస్తాను." సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసింది. మొదటి పేజీ మీద గీతలు గీసి, గళ్లు చేసి, పైన నంబర్లు వేసింది.

"ఎన్ని డిస్కులు పడతాయో?" అన్నాను.

"ఎన్నయినా. రెండు నెలల్లో అయిపోవాలి."

నాకు రెండు నెలల కంటే తక్కువే ఉంది. ఆ రోజు పొద్దునే మా పెద్ద డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచారు. "నలభై మందికిచ్చావు. పదిహేను మంది ఫోన్ చేశారు. ఎవరికైనా తప్పుగా చేసి నొప్పి పెరిగితే పేరు క్లినిక్కుది పోతుంది. నెలాఖరు దాకా చూస్తాను. కుదరకపోతే డిస్కులన్నీ వెనక్కి తెప్పించి, పాత పద్ధతిలో కాగితం మీద బొమ్మలు గీసిద్దాం," అన్నారు. నాకు బొమ్మలు గీయడం రాదు. నేను గీసిన మోచెయ్యిని చూసి ఒకాయన గుమ్మడికాయ అనుకున్నాడు.

* * *

అలా మొదలైంది. రోజూ ఐదున్నరకి మా వీధి చివర ఒక గొడుగు కనపడేది. ఐదుంపావు నుంచే నాకు కిటికీ దగ్గర ఏదో ఒక పని ఉండేది.

ఒకటో నంబరు: రాసే స్పీడు తగ్గించాను. "పంతొమ్మిది చోట్ల ఆగింది."

రెండో నంబరు: ఖరీదైన డిస్కు. "పంతొమ్మిది. డిస్కు మెరుస్తోంది, అంతే."

మూడో నంబరు పట్టుకుని వాళ్లు ఎదురింటికి వెళ్లారు. అక్కడి కొత్త ప్లేయర్లో నేను ఎక్కడా ఆగకుండా చివరిదాకా ఆడానట.

"అంటే డిస్కు మంచిదే," అంది. "మా ప్లేయర్లో సినిమాలు ఆడుతున్నాయి కాబట్టి ప్లేయరూ మంచిదే. ఇంక మిగిలింది మీరు."

"నేనా?"

"మీ వీడియో. మీరు దాన్ని తయారుచేసిన పద్ధతి."

ఆ రాత్రుళ్లలో నేను ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్టులో తెలిసినవాళ్లు రాసిన సలహాలన్నీ చదివాను. అప్పుడు గాని అర్థం కాలేదు. వీడియోని డిస్కులో పట్టేలా గట్టిగా మడిచి పెడతాం. ఆడేటప్పుడు ప్లేయర్ ఆ మడతలు విప్పుకుంటూ పోవాలి. ఎన్ని వంకర మడతలు వేస్తే పాత ప్లేయర్‌కి అంత కష్టం. విప్పేలోపు టైము దాటిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది, మాట ముందుకెళ్లిపోతుంది. నేనేమో ఆ సాఫ్ట్‌వేర్లో కనపడిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టాను. అన్నిటికన్నా పైన "అత్యుత్తమ నాణ్యత" అని ఒక గడి ఉంటే దానికి ముందు పెట్టాను.

"అది ఎందుకు పెట్టారు?" అంది, మర్నాడు ఇదంతా విన్నాక.

"స్పష్టంగా కనపడాలని."

"ఎవరు?"

"...కసరత్తు."

"కసరత్తు తల దువ్వుకుని వచ్చిందే," అంది. ఆ రోజు నుంచి నా పేరు హీరో గారు అయిపోయింది.

ఐదో నంబరులో వంకర మడతల టిక్కులు తీసేశాను. మర్నాడు ఆమె మెట్లమీదే ఉండి చెప్పింది: "హీరో గారూ, మాటా బొమ్మా కలిశాయి. మా అమ్మ సందేహం తీరింది." ఆ సాయంత్రం క్లినిక్కు ఎదురు షాపులో టీ తాగాం. వాన పడుతుంటే షాపు రేకు కింద ఇద్దరం ఒకే బల్ల మీద, మధ్యలో నోటుబుక్కుతో.

"మీకు ఇంత ఓపిక ఎక్కడిదండీ?" అన్నాను.

"ఓపిక కాదు, భయం," అంది గ్లాసులోకి చూస్తూ. "చిన్నప్పుడు స్కూలుకి నాన్న బస్సులోనే వెళ్లేదాన్ని. డ్రైవర్ గారమ్మాయి అని అందరూ సీటిచ్చేవాళ్లు. ఆయన ఆ సీటులో తప్ప ఇంకెక్కడ కూర్చున్నా ఎవరో పరాయి మనిషిలా అనిపిస్తారు నాకు."

"లేపుదాం ఆ చెయ్యిని," అన్నాను. ఆమె తలూపింది.

ఏడో నంబరుకి సెకనుకి ఇంతకు మించి డేటా వెళ్లకూడదని పరిమితి పెట్టాను. పంతొమ్మిది కాస్తా నాలుగుకి దిగింది. ఎనిమిదికి ఇంకా తగ్గించాను. "ఒక్కచోటే ఆగారు. కానీ మీ ముక్కు ఎక్కడుందో తెలియడం లేదు. ముఖమంతా గళ్లు గళ్లుగా ఉంది. మా నాన్న చెయ్యి ఏదో కాలు ఏదో పోల్చుకోలేకపోయారు." తొమ్మిదికి మళ్లీ పెంచాను. మళ్లీ నాలుగు. పదో నంబరులో బొమ్మ సైజు కొంచెం తగ్గించాను. రెండుకి వచ్చింది. ఇంక అక్కడినుంచి దిగనంది.

నెలాఖరుకి ఐదు రోజులే ఉంది.

ఆ సాయంత్రం ఆమె నోటుబుక్కు నా కంప్యూటర్ పక్కన తెరిచి పెట్టింది. "చూడండి. మొదట్నుంచీ ఆగిన చోట్లన్నీ మీరు చేతులు జోరుగా ఊపేచోట్లే. కదలిక ఎక్కువైతే డేటా ఎక్కువ, ప్లేయర్‌కి గొంతు దిగడం లేదు. బాగానే ఉంది. కానీ ఈ రెండు చోట్లా మీరు కదలడమే లేదు. గోడకి చెయ్యి ఆనించి ఊరికే నిలబడ్డారు. అయినా ఆగుతోంది. ఎందుకు?"

ఆ ముక్క వేశాను. ఇద్దరం తెర దగ్గరికి వంగాం. ఆమె జడ నా మోచేతికి తగిలింది. నాకు తెర మీద ఏమీ కనపడలేదు.

"వెనక్కి పెట్టండి," అంది. "మళ్లీ. మిమ్మల్ని కాదు నేను చూసేది, మీ వెనక. చూశారా?"

నా వెనక ఫ్యాను గాలికి పూల కర్టెన్ రెపరెపలాడుతోంది. దాని నిండా వందలకొద్దీ చిన్న చిన్న పూలు. అది ఊగిన ప్రతిసారీ ఆ పూలన్నీ ఒకేసారి కదులుతున్నాయి.

ఆ ముక్కని విడిగా కత్తిరించి సైజు చూశాను. నేను కుర్చీలో కూర్చుని మాట్లాడే ముక్కా అదీ ఒకటే నిడివి. కానీ కర్టెన్ ముక్క నాలుగింతలు బరువుంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"పది డిస్కులు," అన్నాను. "పది డిస్కులు తగలేశాం, కర్టెన్ కోసం."

"తగలేయలేదు. మిగతావన్నీ బాగుచేశాం కాబట్టే ఇది బయటపడింది," అంది. ఈసారి ఆమె పెదవి చివర కదిలినది అక్కడే ఆగలేదు. ముఖమంతా నవ్వయిపోయింది.

* * *

ఆదివారం క్లినిక్కుకి సెలవు. కర్టెన్ విప్పేసి, ఖాళీ గోడ ముందు మళ్లీ మొదటి నుంచీ తీశాం. ఫ్యాను ఆపేశాం. కెమెరా ఆమె పట్టుకుంది. డ్రైవరు గారు పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"ఒకటి... రెండు... మూడు... ఐదు..."

"నాలుగు ఏమైంది?" అంది కెమెరా వెనకనుంచి.

"మీరు చూస్తుంటే లెక్క తప్పుతోంది."

"చూడకుండా ఎలా తియ్యను?"

రెండుసార్లు తీశాం, రెండుసార్లూ తప్పాను. మూడోసారికి ఆమె విసుగెత్తి తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను కసరత్తు చేస్తున్నాను, ఆమె గొంతు నడిపిస్తోంది. "ఏడు... ఎనిమిది... మోచెయ్యి వంచకూడదు... తొమ్మిది... పది. నెమ్మదిగా దించండి."

తీయడం అయ్యాక, "నా గొంతు తీసేసి మీ గొంతు పెట్టుకోండి," అంది.

"వద్దు," అన్నారు డ్రైవరు గారు. "ఆ గొంతయితే నేను మాట వింటాను. ఇంట్లో అలవాటే."

పదకొండో నంబరు డిస్కు ఆ సాయంత్రమే వాళ్లింట్లో వేశాం. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, దగ్గరికెళ్లే ధైర్యం చాలక. ఆమె నోటుబుక్కు మీద పెన్ను పెట్టి కూర్చుంది. వాళ్లమ్మగారు ముందుజాగ్రత్తగా కొత్త లైటు కింద నిలబడ్డారు.

చెయ్యి లేచింది. మూడు దాటింది. ఐదు దాటింది. చేతులు జోరుగా ఊపే చోటు వచ్చింది, పోయింది. గోడకి ఆనించే చోటు వచ్చింది. అదీ పోయింది. ఇరవై రెండు నిమిషాల పాటు బొమ్మ సాఫీగా సాగింది. డ్రైవరు గారు దానితో సమంగా ఎత్తారు, సమంగా దించారు. చెయ్యి ఇంకా కంటి ఎత్తు దాటలేదు గానీ ఎక్కడా కుదుపు లేదు.

తెర నీలంగా మారింది.

ఆమె నోటుబుక్కులో పదకొండు కింద గడిలో సున్నా వేసింది. దాని చుట్టూ ఇంకో గుండ్రం గీసింది. తర్వాత నా వైపు తిప్పి చూపించింది.

"మళ్లీ వెయ్యమ్మా," అన్నారు డ్రైవరు గారు.

* * *

రెండు రోజుల్లో నలభై డిస్కులు తయారుచేశాను. పెద్ద డాక్టరమ్మ తన ఇంట్లో ఉన్న పురాతన ప్లేయర్లో వేసి చూసి, "ఇంకో వంద చెయ్యి," అన్నారు. డిస్కు కోసం జనం రావడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మా హాల్లో కుర్చీలు చాలేవి కావు. ప్రయోగాలు అయిపోయినా ఐదున్నరకి ఆ గొడుగు మాత్రం రావడం మానలేదు.

అటువంటి ఒక సాయంత్రం, మోకాళ్ల నొప్పుల మామ్మగారు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, హాలంతా వినపడేలా అడిగింది: "నాయనా, డిస్కులో లెక్కపెట్టే అమ్మాయి ఉందే, మంచి గొంతు. మీ ఆవిడా?"

"ఇంకా కాదు మామ్మగారూ," అన్నాను.

అనేశాక విన్నాను నేనేమన్నానో. తల తిప్పి చూస్తే తలుపు దగ్గర గొడుగు మడుస్తూ ఆమె. గొడుగు సగం మడిచి ఆగిపోయింది. నేనూ డిస్కులిచ్చే చెయ్యి చాపి ఆగిపోయాను.

"పని గుర్తొచ్చింది," అని ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఐదున్నరకి మా వీధి చివర ఏ గొడుగూ నా కోసం రాలేదు. డ్రైవరు గారు మాత్రం వారానికోసారి వచ్చేవారు. చెయ్యి నుదురు దాటింది, తల దాటింది. "అమ్మాయి బాగుందా?" అని అడగబోయి "అమ్మగారు బాగున్నారా?" అని అడిగేవాణ్ణి. "బాగుంది," అనేవారు, నన్ను అదోలా చూసి. ఫోన్ నంబరు ఉంది. సగం నొక్కి ఆపేసేవాణ్ణి. నాకు కలిసొచ్చిన ఒక్క మంచి పనినీ నోటితో చెడగొట్టుకున్నానని తిట్టుకున్నాను.

మెడికల్ టెస్టు గురువారం. శుక్రవారం కబురు లేదు. శనివారం లేదు. ఆదివారం నాకు అన్నం సయించలేదు. పాస్ కాలేదేమో, ఆ ముఖం నాకెలా చూపిస్తారు అనుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కిటికీ బయట హారన్ మోగింది. పొడుగ్గా రెండుసార్లు. మా ఎదురు స్టాపులో సిటీ బస్సు ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీటులో ఇస్త్రీ ఖాకీ చొక్కా. నేను కిటికీ రెక్క తోశాను. ఆయన నా వైపు చూసి, కుడిచెయ్యి మెల్లగా ఎత్తడం మొదలుపెట్టారు. భుజం దాటింది, తల దాటింది, నిటారుగా చెవికి ఆనుకుని, వేళ్లు బస్సు కప్పుకి తగిలాయి. అక్కడే ఆపి, నవ్వుతూ నన్ను చూశారు.

నేను ఎలా మెట్లు దిగానో నాకు తెలియదు.

"గురువారమే చెప్పొచ్చు కదండీ," అన్నాను రొప్పుతూ.

"నోటితో చెప్పడం ఇష్టం లేదు బాబూ. ఈ చేత్తోనే చెప్పాలని ఇంట్లో అందరి నోళ్లూ మూయించాను. ఎక్కండి."

"డ్యూటీలో ఉన్నాను సార్."

వెనక గుమ్మంలోంచి పెద్ద డాక్టరమ్మ గొంతు వినపడింది. "రెండు స్టాపులు వెళ్లి రా. నీ పేషెంట్లు ఎక్కడికీ పారిపోరు. పరిగెత్తగలిగితే నీ దగ్గరికి ఎందుకొస్తారు?"

ఎక్కాను. మూడో సీటులో ఆమె కూర్చుని ఉంది. పక్క సీటులో పెట్టిన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది.

"పన్నెండు రోజులు," అన్నాను కూర్చుంటూ.

"వానలకి బురద నీళ్లు వచ్చాయి. రోజుకి రెండు వందల శాంపిళ్లు. ఇంటికి పోయి పడుకోవడమే. మీరేమనుకున్నారు?"

"కోపమొచ్చిందనుకున్నాను. ఆ రోజు హాల్లో... మామ్మగారితో అన్నమాటకి."

"ఆ మాటా," అంది కిటికీలోంచి చూస్తూ. "అది మీరు మామ్మగారితో అన్నారు. నాతో ఏమీ అనలేదు. వేరేవాళ్లతో అన్నదానికి నేనేం జవాబు చెప్తాను?"

గొంతు సవరించుకున్నాను. "మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"ఈ హోరులో వినపడ్డం లేదు. గట్టిగా చెప్పండి."

ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను. సరిగ్గా అప్పుడే బస్సు స్టాపులో ఆగింది. ఇంజను మోత అణిగిపోయి, బస్సంతా నా మాటలే మిగిలాయి. ముందు సీట్లలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. అద్దంలో డ్రైవరు గారి కళ్లు కనపడ్డాయి.

"నాకు వినపడింది," అన్నారాయన.

"నాకు మొదటిసారే వినపడింది," అంది ఆమె, నవ్వు దాచుకోవడానికి సంచి మీదకి వంగి.

"మరెందుకు మళ్లీ చెప్పించారు?"

"ఇంట్లో నాన్నని విడిగా అడగాలంటే మీకు ఇంకో ఏడాది పట్టేది."

"అమ్మాయ్," అన్నారు డ్రైవరు గారు, "జవాబు చెప్పు. బస్సు కదలాలి."

ఆమె తలెత్తింది. మొదటిరోజు ఆ కళ్లలో చూసిన మబ్బు జాడ కూడా లేదు. "సరే అంటున్నాను నాన్నా," అంది, అందరికీ వినపడేలా.

ఎవరో చప్పట్లు కొట్టారు. వెనక సీటాయన, "శుభం డ్రైవరు గారూ, నాకు ఆఫీసు టైమవుతోంది," అన్నాడు.

"ఆదివారం మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకురండి బాబూ," అన్నారు డ్రైవరు గారు అద్దంలోంచి. ఆయన కళ్లు తడిగా మెరిశాయి. ఆ వెంటనే రోడ్డు మీదకి తిరిగి, రెండు చేతులూ నిండుగా చాచి స్టీరింగ్ తిప్పారు. బస్సు మలుపు తిరిగింది.

రెండో స్టాపులో దిగాల్సినవాణ్ణి, ఆ రోజు డిపో దాకా వెళ్లాను.